మూడో కాగితం

రాజరత్నం గారు ఇరవై తొమ్మిదేళ్ళు రిజిస్ట్రారాఫీసులో కాపీయిస్టుగా చేశారు. ఆ పని ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. ఎవరైనా పొలమో ఇల్లో కొని దస్తావేజు రాయించుకొస్తే, అసలు కాగితాలు వాళ్ళకు తిరిగి ఇచ్చేముందు అందులో ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని వాల్యూమ్ అనేవారు. మా రికార్డు గదిలో గోడ పొడుగునా వాల్యూములే. సగానికి పైగా ఆయన చేతిరాతే. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత కనిపించదు. మధ్యాహ్నం భోజనం చేశాక చెయ్యి బరువెక్కుతుందని, తప్పులు దొర్లుతాయని, రెండు గంటల దాకా కలం పట్టేవారు కాదట.

రాజమండ్రికి దిగువన, కాలవ గట్టు మీద పెంకుటింట్లో ఉండేది ఆ ఆఫీసు. ఊరి పేరు చెప్పను. ఇందులో ఉన్న కొందరు ఇంకా అక్కడే ఉంటున్నారు.

1999 జూన్‌లో నేను అక్కడికి వచ్చాను. నా పేరు దేవిశ్రీ. మాది సామర్లకోట. డిగ్రీ అయ్యాక కాకినాడలో కంప్యూటర్ కోర్సు చేశాను. రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోకి మారుస్తూ ఆపరేటర్లను కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. ఏడాదికోసారి రెన్యువల్ కావలసిన ఉద్యోగం. మా నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు. ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే ఆధారపడింది.

మొదటి రోజు ఆఫీసులో నన్ను ఎవరూ పెద్దగా పలకరించలేదు. యంత్రాలతో పాటు దిగిన మనిషిని కదా. రాజరత్నం గారు మాత్రం కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉండేవారు.

"అమ్మా, ఇక నా పని ఈ పెట్టె చేస్తుందంటున్నారు. ఎలా చేస్తుందో ఒకసారి చూపిస్తావా?" అన్నారు.

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఒక దస్తావేజు తీసుకుని స్కానర్ పైనున్న ఫీడర్‌లో పెట్టాను. అది ఒక్కో కాగితాన్ని లాక్కుని ఇవతలకు వదిలింది. తెర మీద పేజీ ప్రత్యక్షమైంది. స్టాంపు పేపరు మీద ముద్ర, సంతకం, వేలిముద్ర, మూలనున్న టీ మరకతో సహా.

ఆయన చాలాసేపు చూశారు. "చదివేసిందా?"

"లేదండీ. దానికి చదవడం రాదు. ఫొటో తీస్తుందంతే."

"అయితే తప్పొచ్చినా దానికి తెలియదన్నమాట."

"తెలియదండీ."

మర్నాడు ఒక పొడుగాటి నోటుబుక్కు తెచ్చుకున్నారు. నేను వాడే ప్రతి ఇంగ్లీషు మాటకూ అర్థం అడిగి అందులో తెలుగులో రాసుకునేవారు. ఆయన రాసుకున్న అర్థాలు నేను చదివిన పుస్తకాల్లో ఉన్నవాటికన్నా బాగుండేవి. నెట్‌వర్క్ అంటే ఏమిటని అడిగితే, మూడు కంప్యూటర్లనూ ప్రింటర్‌నూ తీగలతో కలిపి ఉంచడం అని చెప్పాను. ఆయన "పెద్ద కాలవ, పిల్ల కాలవ, బోదె. నీళ్ళకు బదులు కాగితాలు" అని రాసుకున్నారు. సర్వర్ అందరి కాగితాలూ దాచే బీరువా అయింది. హబ్, తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. "దీపాలు మిణుకుమంటుంటే ప్రాణం ఉన్నట్టు" అని పక్కన రాశారు. ప్రింట్ క్యూ గురించి చెప్పినప్పుడు నవ్వారు. ముందున్న కాగితం ఇరుక్కుంటే వెనకున్నవన్నీ ఆగిపోతాయంటే, "రేషను షాపులో మా వాళ్ళకు తెలిసిన సంగతే" అన్నారు.

ఒకటి మాత్రం ఆయనే నాకు నేర్పారు. పని తొందరగా తెమలాలని నేను రిజల్యూషన్ తగ్గించి పెట్టేదాన్ని. అంగుళానికి పడే చుక్కలు తగ్గితే స్కానింగ్ త్వరగా అయిపోతుంది. ఆయన ప్రింటు తీసిన కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చదివి, నన్ను పిలిచారు.

"ఇది చదువమ్మా."

చదివాను. 'పంట కాలవ' అన్నచోట సున్న ఎగిరిపోయి 'పట కాలవ' అని ఉంది. ఒకచోట పొల్లు కూడా లేదు.

"ఇంగ్లీషుకు ఆ చుక్కలు సరిపోతాయేమో. మన అక్షరాలకు సరిపోవు. సున్నకు కూడా హద్దులుంటాయి మరి" అన్నారు. ఆ రోజు నుంచి రిజల్యూషన్ మూడు వందలకు తగ్గనివ్వలేదు.

ఏడాది తిరిగేసరికి ఆయనకు అన్నీ వచ్చేశాయి. టోనర్ మార్చడం, ఇరుక్కున్న కాగితాన్ని చిరక్కుండా లాగడం, నెట్‌వర్క్ ఆగిపోతే ముందు ఏ తీగ చూడాలో కనిపెట్టడం అన్నీ ఆయనే చేసేవారు. స్కానింగ్‌కు లాగిన్ పర్మినెంటు ఉద్యోగులకే ఇచ్చారు. అందుకని పేరు ఆయనది, వేళ్ళు ఒక్కోసారి నావి.

2000 మే నెలలో ముహూర్తాల రద్దీ. రోజుకు ఇరవై, పాతిక దస్తావేజులు వచ్చేవి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. అది ఇంకో పదిహేను నిమిషాలే పనిచేస్తుంది. రాజరత్నం గారు అవతల బల్ల దగ్గర వేలిముద్రలు వేయిస్తున్నారు. జనం ఆయన చుట్టూ మూగి ఉన్నారు.

"అమ్మా, నా లాగిన్ తెరిచే ఉంది. ఆ మూడు దస్తావేజులూ స్కాన్ చేసెయ్. వాళ్ళు బస్సెక్కాలట" అని కేకేశారు.

ఫ్యాను లేదు. చెమటతో చేతులు తడిసిపోయాయి. ముద్ర తాలూకు సిరా ఆరని కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. గబగబా ఫీడర్‌లో పెట్టాను, అది లాగింది, మూడూ అయ్యాయనిపించాను. సాయంత్రం ఆయన సరిచూసినట్టు రిజిస్టర్లో వరసగా సంతకాలు పెట్టారు. అప్పటికి ఆరు దాటింది.

ఆ మూడింటిలో ఒకటి సూరమ్మది.

సూరమ్మ వ్యవసాయ కూలీ. చిన్నతనంలోనే మొగుడు పోయాడు. సూర్యారావు గారనే రైతు పొలంలో పాతికేళ్ళు నాట్లు వేసి, కోతలు కోసింది. ఆయన చేలోనే ఒక మూల ముప్ఫై సెంట్లు కొనుక్కుంది. ఆ ముక్కకు చుట్టూ ఆయన పొలమే. రోడ్డు లేదు, కాలవ లేదు. అందుకని తన గట్టు మీదుగా మూడడుగుల దారి, తన బోదె నుంచి నీళ్ళు ఆచంద్రార్కం ఆమెకు చెందుతాయని ఆయన దస్తావేజులో రాయించారు. ఆ మాట ఉన్నది మూడో కాగితం మీద.

రెండేళ్ళకు సూర్యారావు గారు పోయారు. 2003 వేసవిలో సూరమ్మ ఉన్న పేటలో తాటాకిళ్ళు తగలబడ్డాయి. ఆమె ట్రంకు పెట్టె, అందులో దస్తావేజు బూడిదయ్యాయి. ఆ వర్షాకాలం ముందే సూర్యారావు గారి అబ్బాయి గణేష్‌బాబు పొలాన్ని చేపల చెరువుగా తవ్వించడం మొదలుపెట్టాడు. గట్టు పోయింది, బోదె పూడిపోయింది. సూరమ్మ వెళ్ళి అడిగితే, "దారి ఇస్తామని ఎక్కడుంది? కాగితం తీసుకురా" అన్నాడట. ఆ మాట నిజంగానే తెలియక అన్నాడని తర్వాత నాకు అనిపించింది. దస్తావేజు రాసినప్పుడు అతను ఊళ్ళో లేడు.

సూరమ్మ నకలుకు దరఖాస్తు పెట్టింది. నేనే ప్రింటు తీసి ముద్ర వేయించి ఇచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని రాజరత్నం గారి బల్ల దగ్గరకు వెళ్ళింది.

"అయ్యగారూ, నాకు సదువు రాదండి. నా నీళ్ళ మాట ఎక్కడుందో ఏలెట్టి సూపించండి. అక్కడ పసుపు రాసుకుంటాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. దస్తావేజు ప్రతి కాగితం మీదా ఆఫీసు ముద్ర ఉంటుంది: మొత్తం కాగితముల సంఖ్య ఇంత, ఈ కాగితపు వరుస సంఖ్య ఇంత అని. ఈ నకల్లో మొత్తం అయిదు అని ఉంది. ఒకటి, రెండు, నాలుగు, అయిదు వరసగా ఉన్నాయి.

"సూరమ్మా, రేపు రా" అన్నారు.

ఆమె వెళ్ళాక నా దగ్గరకు వచ్చి ఆ దస్తావేజు తెర మీద తెప్పించమన్నారు. తెప్పించాను. నాలుగే బొమ్మలు. పక్కన స్కాన్ చేసిన తేదీ, సమయం, ఆయన పేరు ఉన్నాయి.

"దీన్నేమంటారమ్మా? రెండు కాగితాలు కలిపి ఒకటిగా లాగేస్తే?"

"డబుల్ ఫీడ్ అంటారండీ."

ఆయన తేదీ చూస్తూ ఉండిపోయారు. నాకు యూపీఎస్ కీచు చెవుల్లో వినిపించింది. "ఆ రోజు నేను వేలిముద్రల దగ్గర ఉన్నాను" అని ఒక్కమాట అని, లేచి తన బల్ల దగ్గరకు వెళ్ళిపోయారు.

మర్నాడు ఆయన సబ్ రిజిస్ట్రార్ జగన్నాథరావు గారి గదిలోకి వెళ్ళారు. నేను పక్క గదిలో ఉన్నాను. మధ్యలో ఉన్నది చెక్క తడికే.

"పేజీ పోయిందని మనం రాసివ్వాలండీ" అన్నారు రాజరత్నం గారు.

"మీకు మతి ఉందా రాజరత్నం గారూ? ఒక్క పేజీ పోయిందని ఒప్పుకుంటే నాలుగేళ్ళ రికార్డు మీద అనుమానం వస్తుంది. ప్రతి ప్లీడరూ మన గుమ్మంలో నిలబడతాడు. రికార్డులో ఉన్నది ఇంతే అని రాసిచ్చేద్దాం. అది అబద్ధం కాదు కదా?"

"అబద్ధం కాదండీ. కానీ ఆవిడ పొలానికి నీళ్ళు రావు."

"వచ్చే జూన్‌లో మీ రిటైర్మెంటు. ఛార్జి మెమో వచ్చిందంటే పింఛను ఆగిపోతుంది. హెలెన్ గారితో ఒకసారి మాట్లాడండి."

హెలెన్ గారు ఆయన భార్య, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆవిడతో మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆయన సైకిలెక్కి దస్తావేజు లేఖరి పల్లంరాజు గారింటికి వెళ్ళారు. సూరమ్మ దస్తావేజు రాసింది ఆయనే. ఆయన అంతకు ముందేడే పోయారు. ఆయన భార్య సుభద్రాయమ్మ గారు అటక మీదున్న చిత్తుప్రతుల కట్టలు దింపించారు. ఎలుకలు కొట్టినవి పోగా మిగిలినవి వెతకడానికి మూడు ఆదివారాలు పట్టింది. మూడో వారం దొరికింది. చిత్తు మీద అడుగున "చదివించుకుని విన్నాను, సమ్మతం" అని సూర్యారావు గారి సంతకం. దారి మాట, నీళ్ళ మాట రెండూ అందులో ఉన్నాయి.

సూరమ్మ దారి కోసం, నీళ్ళ కోసం కోర్టులో దావా వేసింది. చిత్తు ఒక్కటే చాలదన్నాడు ఆమె ప్లీడరు. చిత్తులో ఉన్నది అసల్లో కొట్టేశారని అవతలివాళ్ళు అనొచ్చు. అసలు దస్తావేజులో మూడో కాగితం ఉందనీ, అది ఆఫీసులోనే జారిపోయిందనీ ఎవరో ఒకరు చెప్పాలి. అందుకు రాజరత్నం గారికి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

వాయిదాకు ముందు రోజు నేను ఆయనను కాలవ గట్టు మీద ఆపాను. ఆయన సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నారు.

"మాస్టారండీ, ఆ కాగితాలు పెట్టింది నేను. నేనొచ్చి చెప్తానండీ."

ఆయన సైకిలు ఆపారు. "అడిగితే నీ పేరు చెప్తానమ్మా. అబద్ధం ఆడను. అడక్కపోతే నా అంతట నేను ఎత్తను."

"తప్పు నాది కదండీ."

"కాగితం పెట్టిన చెయ్యి నీది. లెక్కపెట్టి సరిచూశానని సంతకం పెట్టిన చెయ్యి నాది. నేను లెక్కపెట్టలేదు. వాల్యూముల్లో రాసేటప్పుడు ప్రతి పేజీ రెండుసార్లు చూసేవాణ్ణి. ఇది యంత్రం కదా, పొరపాటు పడదులే అనుకున్నాను. నీ ఉద్యోగం పోయినంత మాత్రాన నా తప్పు తగ్గదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. "పొద్దుపోతోంది, బస్సు చూసుకో" అని వెళ్ళిపోయారు.

2004 మార్చిలో ఆయన బోనెక్కారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. గణేష్‌బాబు తరఫు ప్లీడరు పెద్ద గొంతుతో అడిగాడు.

"లక్షలు పోసి ప్రభుత్వం పెట్టిన యంత్రం తప్పు చేసిందంటారు. అంతేనా?"

"రెండు కాగితాలు అంటుకుంటే యంత్రం ఒకటిగా లాగుతుందండీ. దానికి లెక్క తెలియదు. లెక్క చూడాల్సింది మనిషి. ఆ పని నాది. నేను చూడకుండానే చూశానని సంతకం పెట్టాను."

"అంటే మీరు తప్పుడు సంతకం పెట్టారని కోర్టు వారి ముందు ఒప్పుకుంటున్నారు."

"అవునండీ."

ఇక అడుగుతాడు, యంత్రం దగ్గర ఎవరు కూర్చున్నారని అడుగుతాడు అనుకున్నాను. చీర కొంగు పిడికిట్లో నలిగిపోయింది. రికార్డు మీద ఉన్న పేరు ఆయనదే. ఆయనే ఒప్పుకున్నారు. ఇంకేం అడగాలని ఆ ప్లీడరుకు తోచలేదు కాబోలు, కూర్చుండిపోయాడు. నేను లేచి చెప్పొచ్చు. నేను లేవలేదు.

రాజరత్నం గారు ఆఫీసుకు తిరిగొచ్చిన రోజే ఛార్జి మెమో తీసుకున్నారు. జగన్నాథరావు గారు తలెత్తకుండా దాన్ని అందించారు. ఆ మర్నాటి నుంచి రాజరత్నం గారు ఒక పని పెట్టుకున్నారు. కంప్యూటర్లు వచ్చిన నాటి నుంచి ఉన్న ప్రతి దస్తావేజునూ తెర మీద తెరిచి, ముద్రలో ఉన్న కాగితాల సంఖ్యతో బొమ్మల సంఖ్య సరిచూడడం. ఎవరూ చెప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన సంఖ్య చదివేవారు, నేను లెక్కపెట్టేదాన్ని. రెండు నెలల్లో అన్నీ అయ్యాయి. మరో పదకొండింటిలో కాగితాలు లేవు. వాటిలో నా వేళ్ళవి ఎన్నో, ఆయనవి ఎన్నో ఇద్దరం అనుకోలేదు.

ఆ పదకొండు మందికీ తన చేత్తో పోస్టుకార్డులు రాశారు. మీ దస్తావేజు అసలు పట్టుకుని ఒకసారి రాగలరు, మా వల్ల జరిగిన పొరపాటు సరిదిద్దవలసి ఉన్నది అని. తొమ్మిది మంది వచ్చారు. ఆ కాగితాలు మళ్ళీ స్కాన్ చేయడానికి జగన్నాథరావు గారే పై ఆఫీసు నుంచి అనుమతి తెప్పించారు. అది ఆయనకు ఎంత కష్టమైన పనో నాకు తెలుసు. మిగిలిన ఇద్దరి ఆచూకీ దొరకలేదు. ఆ రెండు దస్తావేజుల సంగతి ఏమైనా తెలిసిందా అని రాజరత్నం గారు చివరి రోజు కూడా అడిగారు.

జూన్ ముప్ఫయ్యో తేదీన ఆయన రిటైరయ్యారు. విచారణ నడుస్తోంది కాబట్టి ఆఫీసులో సభ పెట్టలేదు. హెలెన్ గారు స్కూలు నుంచి నేరుగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఇద్దరూ నడిచి వెళ్ళారు. ఆయన సైకిలు తోసుకుంటూ.

ఆగస్టులో తీర్పు వచ్చింది. దారి, నీళ్ళు సూరమ్మవేనని. గణేష్‌బాబు పై కోర్టుకు వెళ్ళలేదు. చిత్తు మీదున్న తండ్రి సంతకం చూశాక అతనే చెరువు గట్టు వెనక్కు జరిపించి, తూము వేయించాడని చెప్పుకున్నారు. రాజరత్నం గారి విచారణ మాత్రం రెండేళ్ళు సాగింది. చివరికి మందలింపుతో వదిలేశారు. అప్పటిదాకా పూర్తి పింఛను రాలేదు. హెలెన్ గారి జీతం మీద గడిచింది. ఎప్పుడు కనబడినా ఆయన నన్ను నాన్న ఆరోగ్యం గురించే అడిగేవారు. నా కాంట్రాక్టు ఏటేటా రెన్యువల్ అవుతూ వచ్చింది.

2008 జనవరిలో రాజమండ్రి ఆసుపత్రిలో ఆయన పోయారు. మూత్రపిండాలు చెడిపోయాయి. సమాధి దగ్గర ఆఫీసువాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. జగన్నాథరావు గారు కూడా వచ్చి, హెలెన్ గారికి నమస్కారం పెట్టి, దూరంగా నిలబడ్డారు. సూరమ్మ జనం వెనక నేల మీద కూర్చుని ఉంది. నేను ఆమె వైపు వెళ్ళలేకపోయాను.

మరుసటి ఆదివారం ఆమె పొలానికి వెళ్ళాను. బెండ వేసింది. నీళ్ళు కట్టిన మళ్ళలో కలుపు తీస్తోంది. చెరువు గట్టు మీద నిలబడి, ఉన్నదంతా చెప్పాను. కరెంటు పోవడం, చెమట చేతులు, గబగబా పెట్టడం, కోర్టులో లేవకపోవడం. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"అయ్యగారికి తెలుసామ్మా ఇదంతా?"

"తెలుసు. మొదటి రోజే తెలుసు."

"నిన్నేమన్నారు?"

"ఏమీ అనలేదు."

చేతిలో ఉన్న గడ్డి దులిపి గట్టు మీద వేసింది.

"ఆయనే అననప్పుడు నేనేమంటాను?" అంది. కోపమో, క్షమించడమో ఆ గొంతులో నాకు తెలియలేదు. మళ్ళీ వంగి కలుపు అందుకుంది. నేను కదలకపోయేసరికి తలెత్తకుండానే అంది:

"ఎండెక్కుతోంది. ఇంటికెళ్ళమ్మా."